కొర్రన్నానికి ఐదు చుక్కలు

ఇది రాస్తున్న నూకరత్నం ఇంతకు ముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. సరుకుల చీటీ తప్ప ఆమె చేత్తో కాగితం మీద పెట్టింది లేదు. ‘నేను’ అని రాయబోతే ప్రతిసారీ సిగ్గు అడ్డం వచ్చింది గనక, తన సంగతి కూడా పక్కింటి మనిషి సంగతిలా ‘ఆమె’ అనే రాసుకుంటోంది. చదివేవాళ్లు పెద్ద మనసు చేసుకోవాలి. చెప్పదలచుకున్నదల్లా ఒక్కటే. ఒక శిష్యురాలు ప్రశ్న అడిగితే సన్యాసిరావు మాస్టారు జవాబు చెప్పకుండా ఎలా చెప్పారో, అది.

మాస్టారికి ఒక అలవాటుంది. తను పాఠం చెప్పే తరగతులు ఎక్కడ జరిగినా ఆయన హాల్లో అందరితో కలిసి భోంచేయరు. అందరూ తిని లేచాక వంటింటి వెనక అరుగు మీద, గిన్నెలు తోమే చోట, ప్లేటు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. “ఇక్కడెందుకు మాస్టారూ, ఈగలు” అని ఆ తరగతులకి వంట చేసే నూకరత్నం మొదటి రోజే అంది. “హాల్లో అందరూ నాతో మర్యాదగా మాట్లాడతారమ్మా. ముద్ద దిగదు” అన్నారాయన.

ఆ తరగతులు పీజీ చదివే పిల్లలకి. చదువుతో పాటు ఊళ్లలో జనానికి పనికొచ్చే పని ఏదో ఒకటి తలకెత్తుకున్న వాళ్లు ఇరవై ఇద్దరు వచ్చారు. ఆఫీసర్లతో ఎలా మాట్లాడాలి, రిపోర్టు ఎలా రాయాలి, సాయం చేసే సంస్థల ముందు తమ పనిని ఎలా చూపించాలి, ఇవన్నీ నాలుగు రోజుల్లో నేర్పుతారు. వాళ్లలో ఇందుమతి అనే అమ్మాయి జీడిపప్పు పొట్టు తీసే షెడ్డులో ఆడవాళ్ల కోసం పీటలు చేయించింది. పొద్దస్తమానం నేల మీద కూర్చుని నడుములు పడిపోతున్నాయని, కాస్త ఎత్తుగా, వెనక ఆన్చుకోడానికి చెక్కతో, నలభై పీటలు. ఏడాది కష్టం. నాలుగో రోజు పొద్దున్న ఒక సంస్థ నుంచి ఇద్దరు పెద్దలు వచ్చి ఆమె చెప్పేది వింటారు. వాళ్లకి నచ్చితే మరో నాలుగు వందల పీటలు తయారై చుట్టుపక్కల షెడ్లన్నిటికీ వెళ్తాయి. నచ్చకపోతే ఆమె పని అక్కడితో సరి.

ఇక మూడో రోజు సంగతి. తరగతుల ఏర్పాట్లు చూసే ప్రదీప్ పొద్దున్నే కొర్రల బస్తా తెచ్చి వంటింట్లో దింపాడు. “రత్నం గారూ, ఇవాళ బియ్యం ముట్టుకోకండి. చిరుధాన్యాలు తినండని ఊరూరా చెప్పే మనమే వరన్నం తింటే ఎలా?” అన్నాడు. కొర్రలు ముందే నానాలి. ఆ మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. అంత చదువుకున్న వాడికి తను చెప్పేదేమిటని మింగేసింది. “అలాగే బాబూ” అంది.

అన్నం మీద మెత్తగా, లోపల పలుకుగా తయారైంది. గరిటెతో కొంచెం నోట్లో వేసుకుంటే గొంతు దగ్గర ఆగిపోయింది. పిల్లలు వంటింటి గుమ్మం దగ్గరికి వరసగా వచ్చి పెట్టించుకుంటుంటే ఆమె ఎవరి మొహమూ చూడలేదు. దానికి తోడు ప్రదీప్ ఒక ఖాళీ మిఠాయి డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. భోజనం ఎలా ఉందో కాగితం మీద చుక్కలు నింపి పిల్లలు అందులో వేస్తారట. ఒక చుక్క అంటే బాగోలేదని, ఐదంటే చాలా బాగుందని. “మీరు పట్టుకుని నిలబడండి, చాలు” అన్నాడు.

నిలబడింది. చెమట తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

“సూపర్ ఆంటీ!” అంటూ ఒకమ్మాయి కాగితం వేసింది. “ఇంత హెల్దీ ఫుడ్ హాస్టల్లో పెడితేనా!” అన్నాడు ఇంకొకడు. ఒక గడ్డం కుర్రాడైతే చుక్కలు చాలవన్నట్టు కింద ‘మా అమ్మమ్మ గుర్తొచ్చింది’ అని రాశాడు. అందరూ వెళ్లాక ఆమె వాటిని ఒక్కొక్కటీ తీసి చూసింది. ఇరవై రెండు కాగితాలు. ఇరవై రెండింటికీ ఐదేసి చుక్కలు. ఆమె గుండె కుదుటపడింది. తన నాలుకే చెడిపోయిందేమో అనుకుంది. ఆ కుదురు ఎంగిలి బకెట్టు దగ్గరికి వెళ్లేదాకానే. బకెట్టు పైదాకా నిండి ఉంది. పారేసిన కొర్రన్నం మూత చాలక కిందికి జారుతోంది. మాస్టారు వచ్చేలోపే దాని మీద పెద్ద పళ్లెం బోర్లించింది.

మాస్టారు అరుగు మీద కూర్చుని రెండు ముద్దలు తిన్నారో లేదో ఇందుమతి వచ్చింది. చేతిలో కాగితాల కట్ట.

“మాస్టారూ, ఒకటి అడగనా?”

“అడుగు తల్లీ.”

“నలభై మందీ పీట బాగుందనే రాయించారు. ఒక్కరు కూడా కాదనలేదు. రేపు చూపించాల్సినవి ఈ కాగితాలే. కానీ పోయిన వారం చెప్పకుండా షెడ్డుకి వెళ్తే నన్ను చూసి అందరూ గబగబా పీటల మీదకెక్కారు. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. కాగితాన్ని నమ్మాలా, నా కళ్లని నమ్మాలా?”

మాస్టారు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. తర్వాత గిన్నెలు తోముతున్న ఆమె వైపు తిరిగారు.

“రత్నమ్మా, ఇవాళ అన్నం ఎలా కుదిరింది?”

ఆమె చెయ్యి ఆగిపోయింది. “అందరూ ఐదు చుక్కలు వేశారు మాస్టారూ” అంది, తలెత్తకుండా.

“వాళ్లని అడగలేదమ్మా.”

అక్కడ ఆమె ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మాట నేర్పు లేని మనిషి. చెప్పడానికి బదులు లేచి వెళ్లి బకెట్టు మీది పళ్లెం తీసింది.

ఇందుమతి చూసింది. మొహం ఎర్రబడింది. “అయ్యో ఆంటీ...”

“నువ్వెన్ని చుక్కలు వేశావమ్మా?” అన్నారు మాస్టారు.

“ఐదు.”

“తిన్నావా?”

“నాలుగు ముద్దలు.”

“మరి ఐదెందుకు?”

“ఎదురుగా ఆంటీ డబ్బా పట్టుకుని నిలబడింది మాస్టారూ. మొహమంతా చెమట. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంది కదా. ఆమె కళ్లముందే ఒక చుక్క వేయడానికి చెయ్యి ఎలా వస్తుంది?”

మాస్టారు ప్లేటు పక్కన పెట్టారు.

“షెడ్డులో కాగితాలు ఎవరు పట్టుకుని నిలబడ్డారు?”

ఆ అమ్మాయి అరుగు అంచున అలాగే కూలబడింది. “నేనే. ఎండలో బస్సు దిగి వెళ్లేదాన్ని. నీళ్లిచ్చి కూర్చోబెట్టేవాళ్లు” అంది. తర్వాత కోపం వచ్చింది. “అయితే నలభై మందీ నాకు అబద్ధం చెప్పారా?”

“ఏటి పాపా, అలగంటావు?” నూకరత్నానికి మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. “నువ్వు నాకు అబద్ధం చెప్పావా? నా మొహం చూసి చెప్పావు. ఆళ్లూ అంతే.”

మాస్టారు ఆమె వైపు చూసి తల ఊపారు.

ఇందుమతి ఫోను తీసింది. షెడ్డులో పనిచేసే పైడితల్లి అనే ఆమెకి చేసి, స్పీకరు పెట్టింది. “పైడితల్లక్కా, పీటలు బాగున్నాయా అని అడగను. ఇప్పుడు వాటి మీద ఏమేం పెట్టారో చెప్పు, చాలు.”

అవతల ఒక్కసారిగా నవ్వు. పక్కనున్న వాళ్లు కూడా నవ్వుతున్నట్టు వినిపించింది.

“ఏటి సెప్పమంటావు తల్లీ! మా క్యారేజీలున్నాయి. రెండింటి మీద మంచినీళ్ల బిందెలు. మా నూకాలు తన కూతుర్ని పడుకోబెట్టింది, నాలుగు పీటలు కలిపి. నువ్వొస్తన్నావంటే అన్నీ దింపీసి కూకుంటాం.”

“నాకెందుకు చెప్పలేదక్కా?”

“అంత దూరం నుంచొస్తావు, మా నడుముల కోసం. ఎలగ సెప్పమంటావు? నేల మీద కాళ్లు మడిచి బాసిపట్టు వేసుకుంటే ఒళ్లో గుడ్డ పళ్లెంలా ఉంటాది. పీటెక్కితే కాళ్లు కిందికి దిగి ఒడి జారిపోద్ది. పప్పు దొర్లిపోద్ది. అంతేగానీ, పీట మంచిదేనమ్మా. నీలాగే మంచిది.”

ఇందుమతి ఫోను పెట్టేసి ఏడుస్తుందేమోనని నూకరత్నం కొంగు సవరించుకుని సిద్ధంగా ఉంది. ఏడవలేదు. పెద్దగా ఊపిరి వదిలి, రెండు కాళ్లూ చాపుకుని, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. “ఒడి! ఏడాది పాటు వాళ్ల నడుము చూశాను మాస్టారూ. ఒడి చూడలేదు. అమ్మయ్య, ఇవాళ నిద్రపోతాను.”

“మరి రేపు?” అంది నూకరత్నం, భయం భయంగా.

“రేపు వాళ్లు కాదంటే ఈ పని ఒక్కటే పోతుంది ఆంటీ. ఈ కాగితాలు చూపించి నాలుగు వందల పీటలు చేయిస్తే, జన్మంతా నన్ను చూసి ఎవరో ఒకరు బిందెలు దింపుతూనే ఉంటారు.”

మర్నాడు పొద్దున్న నూకరత్నం చేసిన మొదటి పని, ప్రదీప్ రాగానే ఎదురెళ్లడం. “బాబూ, ఇవాళ వరన్నమే. కొర్రలు ముందు రాత్రి నానాల. నిన్న నీకు సెప్పకపోవడం నా తప్పు” అంది. అతను తెల్లమొహం వేసి, “నిన్ననే చెప్పి ఉంటే రాత్రి బయట ఇడ్లీలు తినే పని తప్పేది కదండీ” అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె బియ్యం కడిగి ఎసట్లో పోసి, చెయ్యి తుడుచుకుని, మూడు రోజుల్లో ఒక్కసారీ కాలు పెట్టని హాల్లోకి వెళ్లి వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

ఇందుమతి కాగితాల కట్ట విప్పలేదు. నలభై పీటల మీద ఇప్పుడు ఏమేమున్నాయో ఒక్కొక్కటీ చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. “నాలుగు వందల పీటలు వద్దు. వాళ్ల పక్కన నేల మీద కూర్చుని పొట్టు తీయడానికి నాకు రెండు నెలలు ఇవ్వండి. ఆ తర్వాత ఏం చేయాలో వాళ్లనే చెప్పమంటాను” అంది. వచ్చిన ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లలో పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఇన్నేళ్లలో మాకు వద్దని చెప్పిన మొదటి మనిషివమ్మా నువ్వు. రెండు నెలలు కాదు, మూడు తీసుకో” అంది.

నూకరత్నానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కకి వచ్చి నిలబడ్డ మాస్టారిని మెల్లగా అడిగింది.

“పాప గట్టెక్కినట్టేనా మాస్టారూ?”

“పాప సంగతి అలా ఉంచమ్మా” అన్నారాయన. “నాలుగు వందల మంది ఆడవాళ్లకి మొహమాటం తప్పింది.”