శెట్టిగారి బట్టీ, లింగయ్య వేషం

అనగనగా, కోడికూత కంటే ముందు గాజుల గలగలే వినబడే ఊరొకటి ఉండేది. దాని పేరు వలయపురం. ఆ ఊళ్లో గాజుల వ్యాపారి చెన్నంశెట్టి. ఆయన తాతగారు ముట్టించిన గాజుల బట్టీ నాటినుంచీ ఒక్కనాడూ చల్లారలేదు. చల్లారితే ఏమవుతుందంటారా? లోపల గాజు కరిగే మట్టిమూస పెటిల్లున పగిలిపోతుంది. అలాంటి మూస మళ్లీ చేయగలవాళ్లు ఎప్పుడో కాలం చేశారు.

అలాంటి ఊరికి కరువొచ్చింది. వానల్లేవు, పంటల్లేవు. పంటల్లేక పెళ్లిళ్లూ లేవు. పెళ్లిళ్లు లేనిచోట పెళ్లిగాజులు ఎవరికి కావాలి? గాజుల మలారాలు భుజాన వేసుకుని ఊరూరా అమ్మేవాళ్లు పొట్ట చేతబట్టుకుని వలసపోయారు. శెట్టి మాత్రం కొట్టు తలుపు ఓరగా వేసి, దిండుకు ఆనుకుని, మంచిరోజుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మంచిరోజులు రాలేదు.

చివరికి బట్టీ మేస్త్రి ఎర్రన్నను పిలిచాడు.

"ఎర్రన్నా, కట్టెలకు కూడా డబ్బుల్లేవు. ఈ అమావాస్యకి బట్టీ ఆర్పేద్దాం. నువ్వూ నీవాళ్లూ ఎక్కడైనా బతుకుతెరువు చూసుకోండి."

ఎర్రన్న బట్టీ వైపు తిరిగి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆ దణ్ణం శెట్టి గుండెలో ముల్లులా దిగింది.

ఆ వారమే ఊళ్లోకి పగటివేషాలవాళ్లు వచ్చారు. పూర్వం ఈ వేషగాళ్లు పట్టపగలే, వీధివీధీ తిరిగి, రోజుకొక వేషం ఆడేవారు. అన్ని వేషాలూ అయ్యాక ఆఖరిరోజు మొహం కడుక్కుని వచ్చి, జనం ఇచ్చింది పుచ్చుకునేవారు. ఎప్పుడూ బండెడుమంది వచ్చే మేళంలో ఈసారి ఇద్దరే కనబడ్డారు, లింగయ్య, అతని భార్య గౌరమ్మ.

"మిగతా మేళమేదయ్యా?" అన్నాడు శెట్టి.

"కూలికి పోయారు బాబూ. మద్దెల మా ఆడదే వాయిస్తోంది."

"చూసేవాళ్లే లేరు, ఇచ్చేవాళ్లు అసలే లేరు. ఏం చేస్తారిక్కడ?"

"ఆడతాం" అన్నాడు లింగయ్య, అన్నం తింటాం అన్నంత మామూలుగా.

మొదటిరోజు బైరాగి వేషం. వీధిలో నరపురుగు లేదు. ఒక అరుగు మీద బోసినోటి అవ్వ మాత్రం కూర్చుంది. లింగయ్య ఆ ఒక్క అవ్వకే, నిండుసభకు పాడినట్టు, గొంతెత్తి పాడాడు.

"ఒరే బైరాగీ, నాకు పెళ్లి రాసుందేమో చెప్పరా!" అంది అవ్వ.

"రాసుందవ్వా! వరుడికి పళ్లుండాలా, నీకు జోడుగా వద్దా?"

అవ్వ పగలబడి నవ్వింది. ఆ ఊరు నవ్వు విని ఎన్నాళ్లయిందో! ఒక్కొక్క తలుపే తెరుచుకుంది.

రెండోరోజు రాజు వేషం. రంగులు నిండుకున్నాయి. లింగయ్య శెట్టిగారి గోడ గీకిన సున్నం, దీపపు మసి, ఇటుకపొడి పూసుకున్నాడు. తాటాకు కిరీటం పెట్టుకున్నాడు. ఆ రాజు వీధి మలుపు తిరిగి నడిచొస్తుంటే, శెట్టి తనకు తెలియకుండానే దిండు మీంచి లేచి నిలబడి చేతులు జోడించాడు.

"మీ గోడసున్నానికే మొక్కారు శెట్టిగారూ!" అని గౌరమ్మ నవ్వింది.

మూడోరోజు ఊరంతా వీధిలోనే ఉంది. ఆనాడు అర్ధనారీశ్వర వేషం. కుడిసగం విభూతి, జడలు. ఎడమసగం పసుపు, చీర, చేతినిండా గాజులు. ఒకసారికి ఒక సగమే కనబడేలా మధ్యన అడ్డంగా పట్టుకున్న ఒక గుడ్డ. ఇటు తిరిగితే శివుడు, అడుగు వేస్తే దుమ్ము లేచింది. అటు తిరిగితే పార్వతి, అడుగు వేస్తే మట్టికి కూడా తెలియలేదు. ఒకే గొంతులోంచి ఆయన గర్జించాడు, ఆవిడ బుజ్జగించింది. పిల్లలు వెనక్కి పరుగెత్తి పార్వతి ఎక్కడ దాక్కుందో వెతికారు. అప్పుడు లింగయ్య అడ్డుగుడ్డ వదిలేశాడు. ఇద్దరూ ఒక్కరై ఎండలో నిలబడ్డారు.

శెట్టి చూపు ఎడమచేతి మీద ఆగింది. ఆ పచ్చగాజులు తన బట్టీలోవే! పుట్టినప్పటినుంచీ చూస్తున్న గాజులు, ఇంత అందంగా ఉంటాయని ఆయనకు ఇప్పుడే తెలిసింది.

మర్నాడు మొహం కడుక్కుని వచ్చిన లింగయ్య బక్కపలచటి మామూలు మనిషి. శెట్టి నమ్మలేకపోయాడు.

"నువ్వేనా! ఎలాగయ్యా అది?"

"పార్వతి వేసే మా తమ్ముడు వలసపోయాడు బాబూ. వాడొచ్చేదాకా స్వామిని ఒంటరిగా నిలబెడతామా? అమ్మవారిని కూడా నేనే మోశాను. ఆడటం మానితే కాళ్లు మరిచిపోతాయి. వాడు తిరిగొచ్చేసరికి మేళమే ఉండదు."

శెట్టి అతనికి చేటెడు జొన్నలు పోసి, చరచరా బట్టీకి నడిచాడు. ఆ రోజే అమావాస్య. ఎర్రన్న కన్నీళ్లతో నిప్పు మీద ఇసుక పోయబోతున్నాడు.

"ఆగు! ఆ గాజు తీసే ఇనపఊచ ఇలా ఇయ్యి."

"మీకెందుకు బాబూ, చేతులు కాలతాయి."

"కాలనీ. నాన్న నేర్పింది నేను దిండు మీద కూర్చుని మరిచిపోయాను."

శెట్టి పంచె ఎగ్గట్టాడు. ఆయన తీసిన మొదటి గాజు కుక్కచెవిలా వంకరపోయింది. ఎర్రన్న ఏడుపులోంచే ఫక్కున నవ్వాడు.

శెట్టి బట్టీపని అందరికీ కనబడేలా వీధివైపు గోడ కూలగొట్టించాడు. "పగిలిన గాజుముక్కలు తెండమ్మా, దిష్టిపూసలు చేసిస్తాను. బదులుగా రెండు పిడకలో, నాలుగు పుల్లలో బట్టీలో వేసి పోండి" అన్నాడు. ఎర్రటి గాజు తేనెలా సాగి, ఊచ చివర గుండ్రంగా తిరిగి, పూసగా మెరుస్తుంటే జనం నోళ్లు తెరిచి చూశారు. చూసినవాళ్లు పుల్లలు తెచ్చారు. ఆ పుల్లలే బట్టీని బతికించాయి. పొద్దున ఎర్రన్న మలారం ఎత్తుకుని పూసలిచ్చి గింజలు మార్చుకు రావడానికి ఊళ్లకు వెళ్లేవాడు, సాయంత్రం వచ్చి ఊచ పట్టేవాడు. శెట్టి ఒక పక్క వ్యాపారి, ఒక పక్క పనివాడు.

చివరికి వానలు పడ్డాయి. పెళ్లిబాజాలు మోగాయి. చుట్టుపక్కల బట్టీలన్నీ బూడిదై ఉన్నాయి. వలయపురం బట్టీ మాత్రం ఉదయసూర్యుడిలా ఎర్రగా ఉంది.

లింగయ్య మేళం తమ్ముడితో సహా తిరిగొచ్చింది. ఆ ఏడు తీసిన తొలి పచ్చగాజులు శెట్టి స్వయంగా పార్వతి చేతికి తొడిగాడు. అందులో ఒకటి కాస్త వంకరగా ఉందట!

కాబట్టి పిల్లలూ, గడ్డుకాలంలో వేషం మార్చుకున్నా తప్పులేదు, ఆట మాత్రం ఆపకూడదు.