కొక్కెరదుర్గం మసిబొట్టమ్మ

...అదే చెప్పబోతాంటే ఎవరో ఒకరు రావడం, ఫోను పెట్టేయడం, ఇట్లే ఆలస్యమైపోయింది విమలక్కా, ఏమనుకోవద్దు. ఈ అమ్మవారి కథ నువ్వు అడిగి చానా దినాలైంది. మీ భజన సంఘమోళ్ళు జాతరకు బస్సులో వస్తాండారు కదా, కథ తెలీకుండా వస్తే రాళ్ళు చూసి పోతారు. మా అవ్వ ఎట్ల చెప్పేదో అట్లే చెప్పి రికార్డు పంపిస్తా, బస్సులో అందరికీ వినిపించు.

కొక్కెరదుర్గం కొండెక్కినాక కూలిన బురుజు పక్కనే గుడి. గోపురం లేదు. గడప ఉంది, ద్వారబంధం ఉంది, తలుపు మాత్రం లేదు. ఎవరైనా చేయిస్తామన్నా పెట్టనియ్యరు. లోపల అమ్మవారంటే బోర్లించిన నల్లటి బాన. పూజ చేసేది ఎప్పుడూ కుమ్మరింటి కోడలే.

పూర్వం ఇక్కడ కొండమీద పెద్ద ఊరే ఉండేదంట. కుమ్మరి తిప్పక్కది విబూది పెట్టుకునే ఇల్లు. ఆమె కోడలు నాంచారిది నామాలోళ్ళ ఇల్లు. పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి అది ఎవరికీ అడ్డమే కాదు. శివరాత్రికి నామాలోళ్ళు కట్టెలు మోసుకొచ్చేది, ఏకాదశికి విబూదోళ్ళు బెల్లం పంపేది. గాజులమ్మే ఈరప్ప మలారం మూట భుజానేసుకోని పాట పాడుతా వీధిలోకొస్తే రెండు రకాల ఇళ్ళల్లోంచీ ఆడోళ్ళు చేతులు చాపేది. తర్వాత ఆ రోజులు తలుచుకుంటే తిప్పక్కకు చక్రం మీద చెయ్యి ఆడేది కాదంట.

అట్లాంటి ఊరిని పడమటి దండు వచ్చి చుట్టుముట్టింది. గింజ లోపలికి రాదు, మనిషి బయటికి పోడు. తిప్పక్క కొడుకు బురుజు మీద కావిలి. తిప్పక్క తన పంచలోనే పెద్ద బానలో ఊరందరికీ గంజి కాచేది. రాను రాను ఆ గంజిలో మెతుకులకన్నా తాగేవాడి మొగమే బాగా కనపడేదంట.

ఆకలికి మనిషి దేన్నైనా నమ్ముతాడు కదక్కా. ఆ గాజుల ఈరప్పే ఒకనాడు ఒళ్ళంతా విబూది పూసుకోని వచ్చి, నేనిప్పుడు ఉగ్రయ్యను అన్నాడు. కలలో స్వామి కనపడి, కోటలో ఆఖరి నామం పెట్టుకునేవాడు కోట వాకిలి గవిని దాటిపోయిన పొద్దు దండు మీద నిప్పుల వాన కురిపిస్తానన్నాడంట. మొదట నవ్వినోళ్ళే, కోట కావిలోళ్ళతో సహా, తర్వాత కాళ్ళకు మొక్కినారు. ఎవురూ ఏమీ దాచుకోకూడదని ప్రతి ఇంటి తలుపూ ఊడబీకించి హోమంలో వేయించినాడు. తిప్పక్క కూడా నమ్మింది. మామ చేయించిన టేకు తలుపును తన నెత్తినే మోసుకోనిపోయి ఇచ్చొచ్చింది. పైగా ఇంకో కట్టడి. నుదుటి విబూదిని ఎవురు తుడిచినా, వాళ్ళ చెయ్యి నరకాల. ఎండకు చెమట తుడుచుకున్న ముసిలాయనొకడికి వేళ్ళు పోయినాయి. ఆ పొద్దు నుంచి తిప్పక్క నమ్మకం కొంచెం కొంచెం కారిపోయింది.

ఆఖరికి చాటింపేసినారు. రేపు గంజికొచ్చినప్పుడు నుదుర్లు చూస్తాం, విబూది ఉన్నోళ్ళకు గంజి, నామం ఉన్నోళ్ళు గవిని బయటికి అని. బయట దండు బతకనియ్యదు. నాంచారేమో నిండు చూలాలు. తిప్పక్క బతిమాలింది, విబూది పెట్టుకో తల్లీ, బిడ్డ కోసమన్నా అని.

"విబూది మీద నాకు కోపమా అత్తా? మీ ఇంట్లో శివుడికి దీపం పెట్టేది నేనే కదా. బెదిరించి పెట్టుకోమంటే మాత్రం పెట్టుకోను."

మొండిఘటమని అత్త తిట్టింది గానీ, తిడతానే కోడలి తల నిమిరింది.

తెల్లారి పంచ ముందర జనం బారులు తీరినారు. నుదుర్లు చూసేదానికి కావిలోళ్ళు నిలబడినారు. తిప్పక్క బాన దించి, మసి చేత్తోనే మొగం మీద పడిన వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. నుదుటి విబూది మీద మసి అడ్డంగా పడింది. కావిలోడు కత్తెత్తినాడు, మళ్ళా దించినాడు. తుడిచినట్టా, తుడవనట్టా? విబూది కిందనే ఉంది, పైకి కనపడదు. వాడు తల గోక్కున్నాడు. అప్పుడు తట్టింది తిప్పక్కకు. బాన అడుగున చెయ్యి రుద్ది, కోడలి నుదురు నిండా మసి పూసింది.

"నా గంజి తాగేవాళ్ళకు నా బొట్టే," అనింది.

ఆకలిగొన్న జనం ఆగుతారా, ఒకరెనకాల ఒకరు నుదురు చాపినారు. ఉగ్రయ్య వచ్చేటప్పటికి ఏ నుదురు ఎవురిదో శివుడికే ఎరుక. తుడవండిరా అని గద్దించినాడు. కావిలోళ్ళు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఏ మసి కింద విబూది ఉందో, ఎవురి చెయ్యి పోతాదో. అందుకని తానే నేరుగా నాంచారి ముందర నిలబడి చెయ్యెత్తినాడు.

"తుడువు సామీ," అనింది తిప్పక్క. "కింద విబూది ఉంటే ఆ చెయ్యి నువ్వే నరుక్కోవాల. కట్టడి నీదే."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఆగిపోయిన ఆ చెయ్యి చూసినాక తిప్పక్కకు ఉగ్రయ్య కనపడలేదంట, పక్కటెముకలు తేలిన గాజులాయన కనపడినాడంట.

"ఈరప్పా, తిన్నావా?"

ఆ పేరుతో ఎవురూ పిలిచి చానా కాలమైంది. ఆయన చెయ్యి దించినాడు. నేల మీద కూలబడి నుదురు చాపినాడు. ఆమె మసి పెట్టి గంజి పోసింది.

నిప్పుల వానేమీ కురవలేదక్కా. ఆ తర్వాత దొరలు దొరలు సంధి చేసుకున్నారు, గవిని తెరిచినారు, ఎవురినీ బయటికి తోసింది లేదు. నాంచారి సుఖంగా కనింది. తిప్పక్క పోయినాక కోడలి కలలో కనపడి, నాకు విగ్రహమొద్దు, ఆ బానే బోర్లించండి, తలుపు మాత్రం పెట్టొద్దు అని చెప్పిందంట.

ఇప్పటికీ అక్కడ గోత్రం అడగరు, పేరడగరు. నామం మీదైనా, విబూది మీదైనా, ఉత్త నుదుటి మీదైనా పూజారమ్మ మసి పెట్టి ఒకటే అడుగుతాది, తిన్నావా అని. చూలాళ్ళకు మంచిది, పగబట్టిన అన్నదమ్ములకు ఇంకా మంచిది. మా అవ్వ ఇంటికొచ్చి కూడా సాయంత్రం దాకా ఆ మసి కడగనిచ్చేది కాదు. గంజి మాత్రం ఒక గుక్కన్నా తాగాల అక్కా. పక్కన ఎవురు కూచున్నారో చూసుకోకుండా కూచోవాల, అదే అక్కడ... ఆఁ, వస్తాండా! పిలుస్తాండారు అక్కా, గంజి బాన దించాలంట, ఇద్దరు పట్టాల...