కూర్చోనివ్వని బండ

కొండ మలుపు దాటి, ఊటబుగ్గ దగ్గర కాళ్ళు కడుక్కుని, అమ్మను చూసి బయటికి వచ్చారు కదా. ఏం చూశారో చెప్పండి. "అమ్మవారిని చూశాం, కొబ్బరికాయ కొట్టాం" అంటే చాలదు. అది ఏ గుడికి పోయినా చెప్పే మాటే. గుడికి ఎదురుగా ఒక నల్లటి బండ ఉంది. చూశారా? పైభాగం అరిగి నున్నగా ఉంటుంది. నలుగురైదుగురు కాళ్ళు చాపుకుని కూర్చునేంత వెడల్పు. అయినా దాని మీద ఒక్కరూ కూర్చుని ఉండరు. ఎండన పడి వచ్చిన ముసలివాళ్ళు సైతం నేల మీదే చతికిలబడతారు. ఎందుకో ఎవరినైనా అడిగారా?

ఇంకొకటి. పూజారి మీ గోత్రం అడగలేదు. మీ పేరు ఆయన నోట పలకలేదు. హారతి పళ్ళెం పట్టుకుని పక్కకు తొలగి, "మీరే చెప్పుకోండి" అన్నాడు. చాలామంది అక్కడ తడబడతారు. జీవితమంతా ఇంకొకరి చేత చెప్పించుకున్నవాళ్ళకు తమ పేరు తాము పలకడం కూడా కష్టమే. కొందరికి కోపం వస్తుంది. ఆ నాలుగు మాటలూ నువ్వే చెబితే నీ నోరేమైనా అరిగిపోతుందా అని పూజారిని దబాయిస్తారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఈ రెండింటికీ కారణం ఒక్కటే. దాన్ని తెలుసుకోకుండా కొండ దిగితే ఇంత దూరం వచ్చిన శ్రమ దండగ.

పూర్వం ఇక్కడ ఒరుగుబండ అనే పేరు లేదు. బుగ్గవాడలు అనేవారు. కొండ పాదాన ఐదు వాడలు ఉండేవి. ఎగువన కాపుల వాడ, దాని కింద కమ్మరులు, సాలెలు, కుమ్మరులు, అందరికన్నా దిగువన గొర్రెల కాపరులు. ఐదు వాడలకూ కలిపి ఉన్నది ఈ ఒక్క బుగ్గే. మండువేసవిలోనూ ఎండదు కానీ, అప్పుడు ధార చిటికెన వేలంత సన్నమవుతుంది. వంతుల మీద పట్టుకోవాలి. వంతులు కుదర్చడానికి వాడకొకరిని ఎంచుకున్నారు. ఆ ఐదుగురూ బుగ్గ పక్కనున్న ఈ బండ మీద కూర్చుని తగవులు తీర్చేవారు. అప్పట్లో బండ చదునుగా ఉండేది. మధ్యాహ్నానికి కొండ నీడ దాని మీద పడేది.

చల్లని చోట కూర్చున్నవాడు తొందరగా లేవడు. ఇది తెలియడానికి శాస్త్రం చదవనక్కరలేదు. ఏటా కొర్రల పంట ఇంటికి చేరాక పెద్దలను మళ్ళీ ఎంచుకోవాలన్నది కట్టుబాటు. మొదట్లో ఎంచుకున్నారు. తర్వాత "ఉన్నవాళ్ళే బాగున్నారు కదా" అన్నారు. ఆ తర్వాత అడగడమే మానేశారు. నీళ్ళకు వచ్చే ఆడవాళ్ళ గోల చెవిన పడుతున్నదని పెద్దలు బండ చుట్టూ తడికలు కట్టించుకున్నారు. లోపల ఏం మాట్లాడుకునేవారో ఎవరికీ తెలిసేది కాదు, తేలిన మాట మాత్రం బయటికి వచ్చేది. ఆఖరికి అమ్మవారి పూజ కూడా ఊరి తరపున ఆ ఐదుగురే చేసేవారు. ఊరు దూరాన నిలబడి దండం పెట్టుకునేది.

గొర్రెల కాపరుల వాడ తరపున కూర్చున్నవాడు ఈరన్న. ఈ కథ చెప్పేవాళ్ళలో కొందరు అతన్ని దుర్మార్గుణ్ణి చేస్తారు. అది తప్పు. దుర్మార్గుడైతే పని సులువుగా తేలిపోయేది. వాణ్ణి దించి ఇంకొకణ్ణి ఎక్కిస్తే సరిపోయేది. ఈరన్న మంచివాడు. ఎవరి గొర్రెకు కాలు విరిగినా తానే పోయి కట్టు కట్టేవాడు. అతని పొరపాటు ఒక్కటే. వాడ తనను ఎంచుకుంది కాబట్టి తన తలలో పుట్టిన ఆలోచనే వాడ ఆలోచన అనుకున్నాడు.

ఒక వేసవిలో పాలెగాడు కొండ మలుపు అవతల పల్లంలో కొత్త కోట కట్టసాగాడు. కోటకు నీళ్ళు కావాలి. అతని మనిషి వచ్చి తడికల లోపల ఐదుగురితో కూర్చున్నాడు. బుగ్గను మళ్ళించి కోటలోకి కాలువ తవ్వుకుంటామన్నాడు. ఒప్పుకుంటే ఐదుగురికీ ఎర్ర తలపాగాలు, పాలెగాడి ఎదుట కూర్చునే మర్యాద. ఒప్పుకోకపోతే ఏమవుతుందో అతడు చెప్పలేదు. నడుముకున్న కత్తి తీసి ఒడిలో పెట్టుకున్నాడు, అంతే. ఈరన్నకు పాగా మీద ఆశ లేదు. కత్తిని చూడగానే వాడలోని పసిపిల్లలు కళ్ళ ముందు మెదిలారు. "మా వాడకు సమ్మతమే" అన్నాడు. వాడను అడగలేదు. అడిగితే బెదిరిపోతారు, వాళ్ళ బెదురు కూడా తానే మోస్తే పోతుంది అనుకున్నాడు.

కాలువకు మొదటి గడ్డపార దిగిన రోజే సంగతి ఊరంతా పాకింది. ఈరన్న పాగా చుట్టుకుని ఇంటికి పోతే భార్య సిద్దమ్మ వాకిట్లోనే ఆపింది.

"ఏమయ్యా, తలకు గుడ్డయితే దొరికింది, చెవులు మూసుకపోయినట్టుండాయే! వాడంతా మొత్తుకుంటాంటే నీకు వినబడలేదా?"

"ఊరు కాలిపోకుండా కాపాడినాను. నీకేం తెలుసు?"

"నాకేం తెలుసో నన్నడిగింటే తెలిసుండు."

ఈరన్న ఆమెను తప్పుకుని గడప దాటాడు. లోపల కోడలు మారెమ్మ బిడ్డను చంకనేసుకుని మూటలు కడుతున్నది. దిగువ వాడకు నీళ్ళు వచ్చేది అందరికన్నా చివర, పోయేది అందరికన్నా ముందు. అందుకని మందలు తోలుకుని ఏటి ఒడ్డు ఊళ్ళకు వలస పోవాలని వాడ నిశ్చయించుకుంది.

"నువ్వు కోటలో కూర్చో మామా. మాకు నీళ్ళుండే చోటు కావాల" అన్నది మారెమ్మ, తల ఎత్తకుండానే.

వాడే లేచిపోతే తాను ఎవరికి పెద్ద? మనవడు ఏ ఊళ్ళో నడక నేర్చుకుంటాడో కూడా తనకు తెలియదు. ఈరన్న పాగా విప్పి చేత పట్టుకుని తక్కిన నలుగురి దగ్గరికి పోయాడు. కాపుల వాడ పెద్ద భీమన్న అతన్ని కూర్చోమని కూడా అనలేదు.

"మాట ఇచ్చినాం ఈరన్నా. తిరగదీసుకుంటే ఊరి పరువేం కావాల?"

చూడండి ఆ న్యాయం! ఇచ్చినప్పుడు మాట ఐదుగురిది, నిలబెట్టుకోవలసి వచ్చేసరికి పరువు ఊరిది.

దిక్కుతోచక ఈరన్న అమ్మ దగ్గరికి వచ్చాడు. అప్పటికి గుడి లేదు. బుగ్గ పక్కన గూటిలో గుండ్రని రాయి ఒకటి, దానికి కుంకుమ. రాగిముద్ద నైవేద్యం పెట్టి, వాడ పోకుండా చూడమని మొక్కి, ఆ ఎండవేళ బండకు ఆనుకుని కునుకు తీశాడు. కలలో ఒక ఆడమనిషి కడవ చంకన పెట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఎవరి తరపున వచ్చినావు నాయనా?"

"మా వాడ తరపున తల్లీ."

"వాడకు నోరు పడిపోయిందా?"

"వాడకు నోరు నేనే తల్లీ."

"అట్లనా? అయితే వాళ్ళ దప్పిక కూడా నువ్వే తాగి తీర్చు" అని కడవ వంచింది.

ఈరన్న దోసిలి పట్టాడు. తాగాడు. ఆమె పోస్తూనే ఉంది, అతడు తాగుతూనే ఉన్నాడు. కడుపు ఉబ్బి డప్పులాగా అయింది. ఊపిరి ఆడలేదు. అవతల వాడలో మనవడు దాహానికి ఏడుస్తున్నది వినబడుతూనే ఉంది. "చాలు తల్లీ, నా కడుపులో పడింది వాళ్ళ గొంతుకు చేరడం లేదు" అని కాళ్ళ మీద పడ్డాడు.

"ఈ పాటి తెలిసింది కదా. ఆ తడికలు తీసెయ్. ఎవరి పేరు వాళ్ళను, ఎవరి మాట వాళ్ళను నా ముందర చెప్పుకోమను. నువ్వు నిలబడి విను."

మెలకువ రాగానే ఈరన్న తడికలు పీకి పొయ్యిలోకి పనికొస్తాయని సిద్దమ్మకు ఇచ్చాడు. ఐదు వాడలకూ డప్పు వేయించాడు. భీమన్న పరుగున వచ్చాడు. "అందరూ మాట్లాడేదానికి పెద్దలెందుకప్పా? ఇంక గొర్రెలను కూడా పిలిపించు, అవీ చెప్తాయి" అని ఎకసెక్కం చేశాడు. జనం మాత్రం వచ్చారు. వచ్చి, చాలాసేపు ఎవరూ నోరు తెరవలేదు. వాడని నోరు కూడా వాడని కొడవలి లాంటిదే, తుప్పు పడుతుంది.

చివరికి సిద్దమ్మ లేచి అమ్మ రాతి మీద చేయి వేసింది. "నా పేరు సిద్దమ్మ. నాకు నీళ్ళు కావాల. తడికల్లో నా మొగుడు చెప్పింది ఆయప్ప మాట, నా మాట కాదు." జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుతో అందరి గొంతులూ విడ్డాయి.

మనుషులు నోరు విప్పగానే ఒకే మాట మీదికి వస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ రోజు సాలెలకూ కుమ్మరులకూ పాత తగవు లేచింది. కోట పనులు తమకు కూడు పెడతాయి, నీళ్ళు పోనివ్వండి అని కమ్మరులు వాదించారు. ఒకడు ఇంకొకడి గొర్రె సంగతి ఎత్తాడు. "చూసినావా సంత?" అన్నాడు భీమన్న. ఈరన్న మాత్రం కాళ్ళు పీకుతున్నా నిలబడి వింటూనే ఉన్నాడు. మధ్యలో తాను రెండు మాటలు అనాలనిపించినప్పుడల్లా కలలో ఉబ్బిన కడుపు గుర్తొచ్చింది.

పొద్దు వాలుతుండగా మారెమ్మ లేచింది. కోట బంట్లలో తన అన్న కూడా ఉన్నాడని, వాళ్ళ దప్పికా దప్పికే కదా అని అన్నది. రాత్రిపూట ధార ఎవరికీ అక్కరలేక రాళ్ళలో పడి పోతున్నదని సాలెవాడు ఒకడు గుర్తు చేశాడు. రాత్రికి తెరిచి తెల్లవారగానే మూసే తలుపు ఉంటే బాగుండునని ఇంకెవరో అన్నారు. ఇనుప తలుపు తాము చేసిస్తామని కమ్మరులు అందుకున్నారు. పగటి ధార ఊరికి, రాత్రి ధార కోటకు. ఈ ఉపాయం ఎవరిదని అడిగితే ఈనాటికీ ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. ఎవరిదో ఒకరిదైతే కదా చెప్పడానికి!

మర్నాడు పొద్దున ఊరు ఊరంతా కోట వాకిటికి నడిచింది. పాలెగాడి మనిషి బయటికి వచ్చి, "మీ పెద్ద ఎవరు? ఒక్కణ్ణి లోపలికి పంపండి, మాట్లాడి పంపిస్తాం" అన్నాడు. అందరి చూపులూ ఈరన్న మీద పడ్డాయి. గండం అక్కడే ఉంది. ఒక్కడైతే తల తీయవచ్చు, లేదా తలకు పాగా చుట్టవచ్చు. రెండింట్లో ఏది చేసినా ఊరి పని అయిపోతుంది. ఊరందరికీ ఆ రెండూ కుదరవు.

ఈరన్న ఎర్ర పాగా మడిచి అతని చేతిలో పెట్టాడు. "లోపలికొచ్చే పెద్ద ఈ ఊరికి లేడప్పా. చెప్పేది ఊరే చెప్తుంది. నేను ఈడ్నే నిలబడతా."

అప్పుడు ఒక్కొక్కరే ముందుకు వచ్చి తమ పేరు, తమ మాట చెప్పారు. పాలెగాడు గోడ మీదికి వచ్చి విన్నాడు. భీమన్న అందరికన్నా చివర వచ్చి, నేల చూస్తూ, తన పేరు చెప్పాడు. పాలెగాడు మంచివాడై ఒప్పుకున్నాడని రాయడం అబద్ధం. కోటకు రాళ్ళు మోసేవాళ్ళు, ఇనుము కొట్టేవాళ్ళు, కుండలిచ్చేవాళ్ళు అందరూ ఈ వాడలవాళ్ళే. ఇంతమందిని కాదంటే కోట లేవదు. అందుకని ఒప్పుకున్నాడు. మారెమ్మ ఆ సాయంత్రమే మూటలు విప్పింది.

ఊరు తిరిగి వచ్చేసరికి బండ ఒక పక్కకు ఒరిగి ఉంది. అమ్మే పాదంతో తన్ని ఒరిగించిందని పెద్దలు చెబుతారు. కోటకు రాలేని ముసలమ్మలంతా కలిసి గడ్డపారలు వేసి లేపారని కూడా అంటారు. బండ అడుగున గడ్డపార గాటు ఇప్పటికీ ఉంది, చేయి పెట్టి చూడండి. గడ్డపార పట్టించింది అమ్మే అనుకున్నా తప్పు లేదు. నాటి నుంచి ఊరికి ఒరుగుబండ అనే పేరు, అమ్మకు ఒరుగుబండ బుగ్గమ్మ అనే పేరు నిలిచాయి. పెద్దలు అక్కరలేదని ఊరు అనలేదు. వంతులు చూడడానికి మనిషి కావాలి. ఆ ఏడు మళ్ళీ ఈరన్ననే ఎంచుకున్నారు. అయితే అతడు వాలు బండ మీద నిలబడి అందరి మాటా విన్నాకే తన మాట చెప్పాలి. ఆ బండ మీద కూర్చుంటే జారతాడు. నిలబడితే కాళ్ళు నొప్పెడతాయి, నొప్పి పుడితే దిగి ఇంకొకరికి చోటిస్తాడు.

నేటికీ కొర్ర కోతలయ్యాక వచ్చే మొదటి మంగళవారం సర్పంచీ, వార్డు మెంబర్లూ చెప్పులు విడిచి ఆ బండ ఎక్కుతారు. ఏడాదిలో ఊరి తరపున దేనికి ఒప్పుకున్నారో, దేన్ని కాదన్నారో చెబుతారు. తర్వాత ఊరు ఒక్కొక్కరుగా పేరు చెప్పి మాట చెబుతుంది. ఊరంతటికీ తగిలే పనిమీద ఇక్కడ వినకుండా సంతకం పెట్టకూడదు. కొండ వెనక కంకర క్వారీ వస్తుందన్న ఏడాది ఒక సర్పంచి, పొలం పనుల రోజులు కదా, గ్రామసభ జరిగినట్టు రాసేసుకుందామన్నాడు. "రాసుకున్న కూడు తింటే నీ కడుపు నిండుతుందా నాయనా?" అని ఒక ముసలమ్మ అడిగింది. సభ జరిగింది. గొడవలు పడుతూ మూడు మంగళవారాలు జరిగింది. క్వారీ రాలేదు. పట్నం నుంచి ఒక పెద్దమనిషి తన ఫోటో, పట్టుబట్టలు ఇచ్చి మనిషిని పంపి, తన పేరున పూజ చేయించమంటే, పూజారి అవి తిప్పి పంపాడు. ఇక్కడ ఒకరి బదులు ఒకరు మొక్కడం ఉండదు.

మాట ఆలస్యమైన పిల్లలను ఈ బండ మీద నిలబెట్టి బుగ్గ నీళ్ళు తాగిస్తే మాట వస్తుందని నమ్మకం. నలుగురిలో గొంతు పెగలనివాళ్ళు, అత్తవారింట నోరు నొక్కుకుని బతికే ఆడపిల్లలు ఇక్కడ తమ పేరు గట్టిగా చెప్పుకుని పోతారు. అమ్మ అనుగ్రహం వాళ్ళకు కలుగుతుంది, కలిగినవాళ్ళు ఏటా వచ్చి చెబుతున్నారు. బుగ్గ నీళ్ళు తీసుకుపోదలచినవారు పగలే పట్టుకోవాలి. రాత్రి ధార నేటికీ పల్లానికే పోతుంది. అక్కడ కోట కూలిపోయింది, ఒక చిన్న ఊరుంది. వాళ్ళ దప్పికా దప్పికే.

ఇప్పుడు మీరు కొండ దిగి మీ ఊరికి పోతారు. అక్కడ కూడా మీ తరపున కూర్చున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కింద ఉన్న బండ చదునుగా ఉందా, ఒరిగి ఉందా?