బొల్లవ్వ గిట్ట ముద్ర

నెమలిగుట్ట అడవిలో జంతువులకొక విద్యాపీఠం ఉండేది. పాఠాలు చెప్పేది కొంగ మాస్టారు. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని మూడేళ్లపాటు ఆయన ఏం చెప్పినా చెప్పకపోయినా, ఆఖరి ఏడు మాత్రం విద్యార్థులందరినీ బయటికి తరిమేవాడు.

"ఏదో ఒక మంద దగ్గరికి పొండి. వాళ్ల బతుకులో ఉన్న చిక్కు ఒకటి పట్టుకుని విప్పి రండి. విప్పారని ఆ మంద పెద్ద ముద్ర వేస్తేనే మీకు పట్టా" అనేవాడు.

ఆ ముద్రకో పద్ధతి ఉంది. విద్యార్థి గుప్పెడు ఎండు బంకమట్టిని ఆకులో చుట్టుకుని పోవాలి. పని పూర్తయ్యాక అక్కడే దాన్ని తడిపి, పిసికి, పలకలా చరచాలి. మంద పెద్ద దాని మీద కాలు మోపాలి. ఆ పలక ఎండాక మాస్టారికి చూపిస్తే పట్టా చేతికొచ్చినట్టే.

ఆ ఏడు చురకన్న అనే నక్కనూ, పుల్లన్న అనే ఎద్దునూ ఒక జట్టుగా వేసి, గుట్ట మీది మేకల మందకు అప్పగించారు. చురకన్న తరగతికి మొదటివాడు. ఆ సంగతి మరిచిపోతారేమోనని రోజూ నలుగురికీ గుర్తు చేసేవాడు కూడా. పుల్లన్న సంగతి వేరు. పొద్దున అడిగిన దానికి సాయంత్రం దాకా నెమరేసి జవాబు చెప్పే రకం. చెప్పాక మాత్రం మార్చేవాడు కాదు.

వాళ్లు వెళ్లింది కార్తీకంలో. మంద పెద్ద బొల్లవ్వ, గడ్డం నెరిసిన ముసలి మేక, కొట్టం ముందే ఎదురొచ్చింది.

"రాండి బిడ్డా, కూసోండి. మా బాధ అడుగుతున్నరా? నీళ్లకు కింద వాగుకు పోతం. వాగుల నీళ్లకేం కొదవ లేదు. నడుమ నున్నబండ ఒకటున్నది, గది దిగుడే మా సావు. పోయినేడు ఇద్దరి కాళ్లిరిగినయ్. ఆ బండకు నాలుగు మెట్లు పడితే సాలు. ఇంకేం అడగం" అంది.

చురకన్న ఆ మాట ఆకు మీద రాసుకోలేదు. బయటికి రాగానే పుల్లన్న, "మెట్లు కొడదమన్నా. రాళ్లు నేను దొర్లించుకొస్త" అన్నాడు.

"మెట్లు కొట్టడానికి మూడేళ్లు చదవాలా పుల్లన్నా? నలుగురూ నోరు తెరుచుకుని చూసేదేదైనా చెయ్యాలి" అంటూ చురకన్న తలెత్తాడు. కొట్టానికి పైన, రాళ్ల సందున ఒక ఊట కారుతోంది. ఎండలో తళతళమంటోంది. అంతే, వాడి కళ్లు కూడా తళతళమన్నాయి. అక్కణ్ణుంచి వెదురు గొట్టాలు వేస్తే నీళ్లు నేరుగా కొట్టం ముందుకే వస్తాయి! ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గొట్టం ఒక్కటైనా కొట్టకముందే దానికి 'ఆకాశగంగ' అని పేరు కూడా పెట్టేశాడు.

మందను అడగకుండా పని చేశావేమని మాస్టారు అంటాడు కదా. అందుకని అడిగాడు. నలభై మేకలనూ వరసగా నిలబెట్టి, "ఇంటి ముందుకే నీళ్లొస్తే మీకు ఇష్టమా, కాదా?" అన్నాడు. ఎవరు కాదంటారు? 'నూటికి నూరు మంది కోరుతున్నారు' అని రాసుకున్నాడు.

బొల్లవ్వ వంతు వచ్చినప్పుడు, "బిడ్డా, ఆ ఊట ఉన్నది సూడు, అది..." అని ఏదో చెప్పబోయింది.

"అవ్వా, అన్నీ లెక్కేశాం. ఇష్టమా, కాదా? అంతే చెప్పు" అన్నాడు చురకన్న.

"ఇష్టమే" అంది అవ్వ.

గొట్టాలు వేశారు. మోసింది పుల్లన్న, చూపించింది చురకన్న. నీళ్లు వచ్చాయి. మేకలు ఎగిరి గంతులేశాయి. చురకన్న వెంటనే గొట్టం మూతికి చెక్క బిరడా కొట్టాడు. "మాస్టారు వచ్చి ప్రారంభించేదాకా ఎవరూ తాకకూడదు" అని చెప్పి, నివేదిక రాయడానికి కూర్చున్నాడు. అది అరవై టేకాకులకు సాగింది. సాగీ సాగీ ఫాల్గుణం వచ్చింది.

ఒక్క ఆకు మిగిలింది. దాని మీద 'ఫలితం' అని రాసి ఉంది, కింద ఖాళీ.

ఆ వాగుకు ఉన్నది ఒకటే రేవు. ఏ మంద వంతు ఆ మందదే. పొద్దుటి వంతు మేకలది. ఒకసారి వంతు వదులుకుంటే అది తీసుకున్న మందదే అవుతుంది. అడవి పందులు దాని కోసం ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నాయి. చురకన్న బొల్లవ్వ దగ్గరికి పోయాడు.

"అవ్వా, ఇక మీకు వాగుతో పనేముంది? మాస్టారు వచ్చే పరీక్ష రోజు నుంచి మీ వంతు పందులకు వదిలేయండి. 'మేకలు వాగుకు పోవడమే మానేశాయి' అని రాస్తే మాస్టారు మురిసిపోతాడు."

"వంతు మా తాతల నాటిది బిడ్డా. ముద్ర కావాల్నంటే ఏస్త గని, వంతెందుకు?"

"అంటే, నా మీద నమ్మకం లేదా అవ్వా?"

పక్కనే పోశక్క నిలబడి ఉంది. నిండు చూలు మేక. నేడో రేపో ఈనేలా ఉంది. నున్నబండ దిగలేక రోజూ ఏడుస్తూ వాగుకు పోయేది అదే. "అట్లనకే అవ్వా. అన్న సదువుకున్నోడు. అబద్ధం జెప్తడా?" అంది. పడుచు మేకలన్నీ దానికే తలూపాయి. చదువుకున్నవాడి మాట ముందు ముసలిదాని మాట చెల్లలేదు. వంతు వదులుకున్నట్టు పందులకు కబురు వెళ్లింది.

పరీక్ష రోజు పొద్దున్నే చురకన్న ఊట దగ్గరికి వెళ్లి చూశాడు. రాయి పొడిగా ఉంది. సందులో పంజా పెట్టి చూశాడు. దుమ్ము తగిలింది.

అప్పుడే పరుగెత్తి వెళ్లి చెప్పి ఉంటే కథ ఇంతదాకా వచ్చేది కాదు. పందులు ఇంకా రేవులో దిగలేదు. "అవ్వా, తప్పయింది" అన్న రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలూ వాడి గొంతుదాకా వచ్చాయి. అరవై టేకాకులు గుర్తొచ్చి మళ్లీ లోపలికి పోయాయి. ఈ ఒక్క పూట గడిస్తే చాలు, తర్వాత చూసుకుందాం అనుకున్నాడు. కోతులను పిలిచి, ఇరవై సొరబుర్రల నిండా వాగు నీళ్లు తెప్పించి, పైన పొద చాటున కూర్చోబెట్టాడు. తాను మూడుసార్లు దగ్గితే ఒక బుర్ర గొట్టంలో పోయాలని చెప్పాడు. ఈ సంగతి పుల్లన్నకు చెప్పలేదు. వాడి ముఖం చూసి చెప్పే ధైర్యం చాల్లేదు.

ఎండెక్కాక కొంగ మాస్టారు వచ్చాడు. మేకలు దప్పికతో వరస కట్టి ఉన్నాయి. ముందర పోశక్క. చురకన్న బిరడా లాగి మూడుసార్లు దగ్గాడు. బుడబుడమని నీళ్లు దూకాయి.

"ఆహా! విద్య అంటే ఇదీ!" అన్నాడు మాస్టారు. అతిథికే ముందు మర్యాద కదా. ఆయన ఒక కాలు కడుక్కున్నాడు. తర్వాత రెండో కాలు. ముక్కు ముంచాడు. రెక్కలు తడుపుకున్నాడు. నీటి ధారలో నిలబడే ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆయన మాట సాగుతున్నకొద్దీ చురకన్న దగ్గుతూనే ఉన్నాడు. నీళ్లన్నీ మాస్టారి కాళ్ల కింది నుంచి రాళ్లలోకి ఇంకిపోతుంటే మేకలు చూస్తూ నిలబడ్డాయి. వాటి వైపు చూడకుండా ఉండటానికి చురకన్న మాస్టారి ముక్కు వైపే చూశాడు.

ఉపన్యాసం అయింది. బొల్లవ్వ ముందుకొచ్చింది.

"ముద్ర ఎయ్యాలె గద బిడ్డా. మట్టి తియ్యి."

చురకన్న ఆకు విప్పాడు. ఎండు మట్టి. పుల్లన్న లేచి, వాగు నుంచి కాసిని నీళ్లు తెస్తానని కదిలాడు.

"ఏడికి పుల్లన్నా? గొట్టం ఈడనే ఉండె గద. గా నీళ్లతోనే తడపాలె. మీ పనికి మీ నీళ్లే ముద్ర" అంది అవ్వ.

చురకన్న మూడుసార్లు దగ్గాడు. గొట్టం పలకలేదు. ఇంకో మూడుసార్లు దగ్గాడు. ఒక్క చుక్క జారి మట్టి మీద పడి, పడినచోటే ఇంకిపోయింది. మళ్లీ దగ్గాడు.

"జలుబు చేసిందా నాయనా?" అన్నాడు మాస్టారు.

పైనుంచి కోతి కేకేసింది. "చురకన్నా! బుర్రలన్నీ అయిపోయినయ్! ఎంత దగ్గినా ఏడికెల్లి పొయ్యాలె?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. చురకన్న తేలు కుట్టిన దొంగలా బిక్కచచ్చి నిలబడ్డాడు. పుల్లన్న వాడి వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకున్నాడు.

పోశక్కకు మాత్రం ఇంకా అర్థం కాలేదు. మెల్లగా నడిచి గొట్టం దగ్గరికి వచ్చింది. మూతి దగ్గర కాస్త తడి ఉంటే నాకింది. నాకి, చురకన్న వైపు తిరిగి, "జెర ఆగినంక వస్తయేమో అన్నా. నేను నిలబడత తియ్యి" అంది.

చురకన్నకు ఒళ్లంతా మంట పుట్టింది. తిట్టినా, పొడిచినా తట్టుకునేవాడే. ఆ నమ్మకాన్ని తట్టుకోలేకపోయాడు. భూమి చీలితే అందులో దూరాలనిపించింది.

"ఇట్ల రా బిడ్డా" అని బొల్లవ్వ వాణ్ణి కొట్టం వెనక్కి తీసుకుపోయింది. మాస్టారు కూడా వెంట నడిచాడు. అక్కడ విరిగిన గాలిమర ఒకటి, చిల్లుల తొట్టి ఒకటి, తిరగని గిలకలు రెండు కుప్పగా పడి ఉన్నాయి. మేకలు వాటికి వీపు రుద్దుకుంటాయి కాబోలు, అంచులు నున్నగా అరిగాయి.

"నీకంటె ముందుగల నాలుగు జట్లొచ్చినయ్. మెట్లు అని అందరికీ జెప్పిన. అందరూ గివి ఇచ్చిపోయిన్రు. పిల్లలు పాసు గావాలె గదా అని అందరికీ ముద్ర ఏసిన. ఆ ఊట శివరాత్రి దాటితే ఎండుతదని నీకూ జెప్పబోయిన, ఇనకపోతివి. అయినా నువ్వు ముద్రడిగితే కళ్లు మూసుకొని ఏస్తుంటి. నువ్వు వంతడిగినవ్ బిడ్డా."

గాలిమరకు మొదటి బహుమతి ఇచ్చింది మాస్టారే. ఆయన దాన్ని చూసి కళ్లు మూసుకున్నాడు. ఈసారి అది ధ్యానం కాదు.

చురకన్న ఒక్కడే వాగుకు దిగాడు. పందులు రేవు నిండా పొర్లుతున్నాయి. "మాతోని మాట్లాడాల్నంటే బురదలకు రావాలె" అంది పందుల పెద్ద. చురకన్న మెడదాకా దిగాడు. దారి పొడుగునా నాలుగు సాకులు అల్లుకుని వచ్చాడు. వానలు తక్కువనీ, కోతులు మోసం చేశాయనీ. నోరు తెరిచేసరికి పోశక్క నాలుక గుర్తొచ్చి, నిజం బయటికొచ్చింది.

"మేకల వంతు తిరిగివ్వండి. తప్పు వాళ్లది కాదు. ఊట ఎండుతుందని అవ్వ చెప్పబోతే నేను వినలేదు. ఎండిందని ఈ పొద్దున నా కళ్లతో చూశాను. చూసి దాచి, నిండు చూలు పోశక్కను ఎండలో నిలబెట్టి, నేను దగ్గినప్పుడల్లా కోతులతో గొట్టంలో నీళ్లు పోయించాను."

పందుల పెద్ద బురదలోంచి లేచింది. "పొద్దుగాల్నే సూసినవా? అప్పుడే జెప్తే మేం రేవులకే దిగకపోతుంటిమి. సూడితో ఉన్నదాన్ని ఎండల నిలబెట్టి, నువ్వు దగ్గుకుంట నిలబడ్డవా?" అంది.

"అవును" అన్నాడు చురకన్న. తప్పు ఒప్పుకోవడం ఎలాగో ఏ తరగతిలోనూ నేర్చుకోలేదు. "గట్లయితే మేకల వంతు మేకలకే" అంది పందుల పెద్ద. పందులు ఒకదాని వెనక ఒకటి రేవు దాటి పోయాయి. నీళ్లు తేరుకోవడానికి మరో గడియ పట్టింది.

మిట్ట మధ్యాహ్నం మేకలు నున్నబండ దగ్గరికి వచ్చాయి. బండ పెనంలా కాలుతోంది. పోశక్క ముందు కాలు పెట్టి, జారి, వెనక్కి లాక్కుంది. పుల్లన్న పక్కన అడ్డం నిలబడ్డాడు. అయినా మధ్యలో కాలు మోపే చోటు లేదు. చురకన్న వెళ్లి ఆ జారుడులో బోర్లా పడుకుని, బురద వీపు పైకి పెట్టాడు.

పోశక్క సందేహించింది. తర్వాత అడుగేసింది. "బరువైతున్ననా అన్నా?" అని అడిగింది.

వాడు తల రాతికి ఆనించి ఉన్నాడు. అందుకని ముఖం ఎవరికీ కనబడలేదు.

నలభై మేకలూ ఆ వీపు మీదుగానే దిగాయి. ఆఖరున బొల్లవ్వ. నీళ్లు తాగి గుట్టెక్కేసరికి చురకన్న వీపు మీది బురద ఎండి పలకలా గట్టిపడింది. దాని మీద బొల్లవ్వ గిట్ట ముద్ర, రెండు చీలికలతో సహా స్పష్టంగా పడింది.

"ముద్ర పడ్డదన్నా" అన్నాడు పుల్లన్న. చాలాసేపు నెమరేసి అన్న మాట అది.

మాస్టారికి చూపించడానికి చురకన్న వెళ్లలేదు. మర్నాటి నుంచి ఇద్దరూ నున్నబండకు రాళ్లు చేర్చారు. ఎండాకాలం పోయేసరికి నాలుగు మెట్లయ్యాయి. పోశక్క కవల పిల్లలతో ఆ మెట్లు దిగుతుంటే చురకన్న ఎప్పుడూ పక్క పొదలోకి తప్పుకునేవాడు.

మరుసటి కార్తీకంలో కొత్త జట్టు వచ్చింది. చంకలో టేకాకులు పెట్టుకుని, "అన్నా, మేం మొదట ఏం కట్టాలి?" అని అడిగింది.

"నోరు కట్టుకోండి. అవ్వ చెప్పడం అయ్యేదాకా" అన్నాడు చురకన్న.

చెప్పేది వినకుండా చేసిన మేలు, ఎండిన ఊటకు వేసిన గొట్టం.