జల్లెడకి పరగడుపు

ఊరి తెలివంతా తమ ఇంట్లోనే ఉందని గవర్రాజు నమ్మకం. అతని పెళ్ళాం మంగాయమ్మా, బావమరిది భద్రమూ అదే మాట అనేవాళ్ళు. ఆ తెలివి బయటికి పోతుందేమోనని కిటికీలు కూడా తెరిచేవాళ్ళు కాదు.

ఓసారి గవర్రాజుకి కాళ్ళు వాచాయి. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "షుగరు బాగా ఎక్కువుంది. మాత్రలు వేసుకోండి, చక్కెర ముట్టుకోకండి," అంది.

అంతే! గవర్రాజు చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటే, మంగాయమ్మ బూరెలు నోట్లో పెట్టేది.

"నేను ముట్టుకుంటే ఒట్టు!" అనేవాడు నములుతూ.

షుగరు ఇంకా పెరిగింది. "నోరు కట్టుకోవాలయ్యా!" అని డాక్టరమ్మ కసిరింది. ఇంకేముంది, భద్రం తువ్వాలుతో బావ నోరు బిగించి కట్టాడు. మాత్రలు వెళ్ళే దారి లేదు. పానకం మాత్రం తువ్వాలులోంచి చక్కగా దిగింది.

ఈసారి డాక్టరమ్మకి నిజంగానే భయం వేసింది.

"మూత్రపిండాల్లో సన్నటి రక్తనాళాలుంటాయి. అవి జల్లెడలాగా రక్తాన్ని వడకట్టి, చెత్తని మూత్రంలోకి పంపుతాయి. చక్కెర ఎక్కువై అవి దెబ్బతింటున్నాయి. ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులు కారిపోతున్నాయి. ఆ జల్లెడ పూర్తిగా పాడైతే మనిషికే ముప్పు! రేపు పరగడుపున రండి, మళ్ళీ చూస్తాను."

మంగాయమ్మ గొల్లుమంది. "అయ్యో, జల్లెడ పక్కింటి వదినకి ఎరువిచ్చానే!"

ముగ్గురూ పరిగెత్తారు. "మా ఆయన మూత్రపిండాలు ఇచ్చెయ్యి వదినా!" అంటూ మంగాయమ్మ జల్లెడ లాక్కుంది. పిండి జల్లిస్తున్న ఆవిడ నోరెళ్ళబెట్టింది.

ఇంటికి తెచ్చి, జల్లెడని కడిగి తుడిచి పరుపు మీద పడుకోబెట్టారు. రవ్వంత పిండి కూడా తగలనివ్వలేదు.

"మరి నేను?" అన్నాడు గవర్రాజు.

"పరగడుపు జల్లెడకి బావా. నువ్వు తిను!"

తెల్లారి గవర్రాజు కడుపునిండా బూరెలు తిని బయల్దేరాడు. భద్రం జల్లెడని డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. "పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ పాపం!"

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇది కాదయ్యా! జల్లెడ ఉండేది మీ బావ ఒంటి లోపల!"



"లోపల ఉండాల్సినదా? ముందే చెప్పొద్దూ!" అని భద్రం జల్లెడని మడిచి బావ నోట్లోకి కుక్కబోయాడు.

"ఆగరా మొద్దూ!" అని మంగాయమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉత్త ఇనుము గొంతులో ఎలా దిగుతుందిరా? కాస్త చక్కెర అద్దు!"