సాక్షి దిమ్మ

కొండవాలున రాజుగారి కోటకు పునాది గొయ్యి తవ్వుతూ, మధ్యలో ఒక మట్టిదిమ్మను వదిలేశారు. పాత నేల ఎంత ఎత్తుండేదో చెప్పే సాక్షి అదే. దాన్నిబట్టి లోతు కొలిచి, పొడవు వెడల్పులతో హెచ్చవేసి, కూలి ధాన్యం ఇస్తారు.

ఆ ధాన్యంలో కొంత మిగుల్చుకుందామని అధికారి గోవర్ధనప్ప ఎవరూ చూడకుండా దిమ్మ తల చెక్కేసి, పైన మళ్ళీ గడ్డి పరిచాడు.

"తవ్వింది ఇంతే ప్రభూ," అన్నాడు రాజు ముందు కొలిచి.

తవ్వేవాళ్ళ పెద్ద తిప్పక్క గొడవపడలేదు. గోవర్ధనప్ప చేతిలోని పటం మీద వేలు పెట్టి, "సామీ, తవ్వకముందు మీరు గీసిన పటంలో ఈ గీత ఏంటి?" అంది.

"అది పోయినంత మేరా నేల ఎత్తు ఒకటే. వెంట్రుకవాసి తేడా ఉండదు," అన్నాడు గోవర్ధనప్ప మీసం దువ్వుతూ.

"ఈ గీత గొయ్యి గట్టు మీదనుంచి దిమ్మ మీదుగానే పోయింది గదా! మరి దిమ్మ గట్టుకంటే మూరెడు కిందుందేం? పటం తప్పా, దిమ్మ తల ఎవరన్నా కోశారా?"

రాజు గోవర్ధనప్పవైపు తిరిగాడు. పటం తప్పంటే తప్పించుకోవచ్చు. కానీ తాను ఎండనకా వాననకా కొండంతా తిరిగి గీసిన పటమది. గోవర్ధనప్ప తవ్వేవాళ్ళ ముఖాలు చూడలేక తల దించుకున్నాడు.

"పటం తప్పు కాదు ప్రభూ," అన్నాడు చివరికి, గోళ్ళలో మట్టి కనబడకుండా పిడికిళ్ళు బిగించి.