ఎర్రయ్య మెడలో రెండు బిళ్ళలు

రండమ్మా, రండి నాయనా. దగ్గరకు జరిగి కూచోండి. ఆ స్తంభానికి ఆనుకున్న పెద్దాయనా, మీరూ ముందుకు రండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి. మధ్యలో కన్నీళ్ళొస్తే దాచుకోకండి, ఇక్కడ ఎవరూ నవ్వరు. స్వామికి ఒక్క దణ్ణం పెట్టుకుందాం. ఆఁ, ఇక వినండి.

మన తాతల తాతలు ఉయ్యాలల్లో ఊగుతున్న కాలంలో కుందనపురి అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజు దయగలవాడు. దిక్కులేని కుక్కల కోసం ఊరి చివర పెద్ద కొట్టం కట్టించాడు. కూడు పెట్టించాడు, నీళ్ళు పోయించాడు. కావలసినవాళ్ళు వచ్చి ఏ కుక్కనైనా ఇంటికి తోలుకుపోవచ్చు.

అయితే అక్కడొక కట్టడి ఉంది. కుక్కను వద్దని తిరిగి తెచ్చినవాళ్ళు దాని తల మీద చెయ్యి వేసి, దాని తప్పేమిటో చెప్పాలి. ఆ తప్పును చెక్కబిళ్ళ మీద చెక్కి దాని మెడలో కడతారు. మూడో బిళ్ళ పడిందా, రాజుగారు ఔనన్న మరుక్షణం ఆ కుక్కను ఏరు దాటించి పులుల అడవిలో వదిలేస్తారు. అక్కణ్ణుంచి ఏ కుక్కా తిరిగి రాలేదు.

ఆ ఊళ్ళోనే చెంచమ్మ అని ఒకావిడ ఉండేది. పొయ్యి మీద మంగలం, అదే మట్టి మూకుడు, పెట్టి, అందులో ఇసుక కాచి, బొరుగులూ పేలాలూ వేయించి అమ్ముకునేది. భర్త పోయాడు. పిల్లల్లేరు. మహా భక్తురాలు. దీపం పెట్టందే పచ్చి మంచినీళ్ళయినా ముట్టేది కాదు. ప్రతి శనివారం గంపెడు బొరుగులు తీసుకెళ్ళి కొట్టంలో కుక్కలకు పోసి వచ్చేది.

ఒక శనివారం మూలన గోడవైపు మొహం తిప్పుకుని కూచున్న ఎర్ర కుక్క ఆమె కంట పడింది. అన్నీ బొరుగుల కోసం ఎగబడుతుంటే అది మాత్రం కదల్లేదు. మెడలో రెండు బిళ్ళలున్నాయి. ఒకదాని మీద "దొంగ" అని ఉంది. రెండోదాని మీద "పిచ్చిది" అని ఉంది.

"తాతా, దీన్ని నేను తీసుకెళ్తాను" అంది చెంచమ్మ.

కొట్టం కాపరి వీరాస్వామి ముసలివాడు. ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎప్పుడన్నా కుక్కను పెంచావా తల్లీ?"

"లేదు."

"మరి దీంతోనా మొదలెట్టడం?"

"నా దగ్గర బోలెడు ప్రేముంది తాతా. ఖర్చు పెట్టడానికి మనిషే లేదు. మూడు రోజుల్లో నా కొంగు పట్టుకు తిరుగుతుంది చూడు."

ముసలాయన ఎర్ర కుక్కను విప్పి తెచ్చాడు. తాడు ఆమె చేతిలో పెట్టాడు.

అమ్మా, ఆ మాట ఆమె గొప్పకి అనలేదు. మనసారా నమ్మి అంది. అక్కడే వచ్చింది చిక్కు.

మన ఇళ్ళల్లో కొత్త కోడలొస్తే ఏం చేస్తాం? పసిబిడ్డను మొదటిసారి ఇంటికి తెస్తే ఏం చేస్తాం? గుమ్మంలో నిలబెట్టి హారతిస్తాం. చెంచమ్మా అదే చేసింది. కుక్కకు "ఎర్రయ్య" అని పేరు పెట్టింది. పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపి, కర్పూరం వెలిగించి, వాడి మొహం చుట్టూ తిప్పింది.

ఒక చుట్టు తిప్పింది. ఎర్రయ్య కొయ్యబారిపోయాడు.

రెండో చుట్టు తిప్పింది. పళ్ళు బయటపెట్టాడు.

మూడో చుట్టులో ఆమె చెయ్యి పట్టి కొరికాడు. పళ్ళెం గుమ్మంలో బోర్లా పడింది.

పక్కింటి గవరమ్మ, మజ్జిగ అమ్ముకునేది, గోడ మీద నుంచి తొంగిచూసింది. "ఏం వదినా, కుక్కను తెచ్చావా, కొత్త పెళ్ళికొడుకును తెచ్చావా? కట్నం చాల్లేదని అలిగాడేమో!"

"నవ్వకు గవరమ్మా. కొత్త కదా, బెదిరాడు."

"ఎర్రయ్య మీ తాతగారి పేరు కాదూ? ఆయన వింటే పైనుంచి దిగొస్తాడు!"

చెంచమ్మ చేతికి పసుపు అద్దుకుంది. నవ్వడానికి చూసింది గానీ, నవ్వు రాలేదు.

మర్నాడు పొయ్యి రాజేసింది. ఇసుక కాగింది. గింజలు చిటపటమన్నాయి. అంతే, ఎర్రయ్య తాడు తెంపుకున్నాడు. గోడకు గుద్దుకున్నాడు, పొయ్యికి గుద్దుకున్నాడు. మంగలం పగిలింది. వేడి ఇసుక వాడి కాళ్ళ మీదే పడింది. మంచం కింద దూరి రెండు రోజులు బయటకు రాలేదు. ఆమె పెట్టిన అన్నం చీమలు తిన్నాయి.

"రా నాయనా, రా బంగారూ" అని మంచం కిందకు వంగి పిలిచేది. ఎంత పిలిస్తే అంత వెనక్కు ముడుచుకునేవాడు.

మూడోది చెప్పాలంటే నాకే నోరు రావడం లేదు. చెప్పాలి కాబట్టి చెబుతున్నా.

శుక్రవారం సంజవేళ దేవుడికి దీపం వెలిగించింది. అప్పుడే మంచం కింద నుంచి బయటకొచ్చిన ఎర్రయ్య ఆ వెలుగు చూసి గుడ్డిగా ఉరికాడు. దేవుడి పీఠం తిరగబడింది. చెంచమ్మ తల్లి చనిపోతూ చేతిలో పెట్టిన మట్టి కృష్ణుడు నేల మీద పడి మూడు ముక్కలయ్యాడు.

ఆమెకు ఒళ్ళు తెలియలేదు. చేతికి ఇనప గరిటె దొరికింది. కొట్టింది.

మొదటి దెబ్బకు వాడు పారిపోతాడనుకుంది. పారిపోలేదు. రెండో దెబ్బకు కరుస్తాడనుకుంది. కరవలేదు. మూడో దెబ్బకు అరుస్తాడనుకుంది. కుయ్యిమని కూడా అనలేదు. కళ్ళు మూసుకుని, మెడ నేలకు చాపి, నాలుగో దెబ్బ కోసం ఆగాడు. ఈ పని వాడికి బాగా తెలిసినట్టుంది.

గరిటె ఆమె చేతిలోంచి జారిపోయింది.

దెబ్బ ఎక్కడ తగిలిందోనని బొచ్చు విడదీసి చూసింది. దెబ్బ కింద మానిన పాత మచ్చలున్నాయి. గుండ్రంగా, నల్లగా, వరసన మూడు. పొయ్యి దగ్గర బతికిన మనిషి, కాలిన మచ్చ తెలీదా? ఎవరో మండే కొరివి తీసుకుని తీరిగ్గా అంటించారు.

అప్పుడు తెలిసింది ఆమెకు, హారతి ఎందుకు కరిపించిందో. ఆమె పళ్ళెంలో ప్రేమ తిప్పింది. వాడికి కనిపించింది కొరివి.

తెలిసి మాత్రం ఏం లాభం తల్లీ? నిప్పు ఆమె కూడు. నిప్పు వాడి చావు. ఇద్దరూ ఒక్క కప్పు కింద ఎలా ఉంటారు? దేవుడు ముక్కలై ఒక పక్క పడి ఉన్నాడు. కుక్క కొన ఊపిరితో ఉన్నట్టు ఇంకో పక్క పడి ఉంది. మధ్యలో కూచుని ఆమె తన చేతుల వంక చూసుకుంది. వీడు ఇక్కడుంటే రోజూ చస్తాడు, అడవిలోనైతే ఒక్కసారే కదా అనుకుంది. ఎంత విసిగిపోతే మనిషికి అలాంటి ఆలోచన వస్తుందో మీరే చెప్పండి.

పున్నమినాడు రాజుగారు కొట్టానికి వస్తారు, మూడో బిళ్ళ కుక్కల సంగతి తేల్చడానికి. చెంచమ్మ ఎర్రయ్యను భుజాన వేసుకుని వెళ్ళింది. వాడు గింజుకోలేదు. గోనెసంచిలా వేలాడాడు.

వీరాస్వామి ఆమె చెవిలో అన్నాడు. "కరిచిందని చెప్పు తల్లీ. అబద్ధం కాదుగా. ఒక్క మాటతో తేలిపోతుంది. ఎవరూ నిన్నేమీ అనరు."

నిజమే. చేతికి గాయం ఉంది. ఒక్క మాట చాలు.

రాజు అడిగాడు. "తల మీద చెయ్యి వేసి చెప్పమ్మా. దీని తప్పేమిటి?"

చెంచమ్మ చెయ్యి వేసింది. ఆ చేతి కింద ఎర్రయ్య తల వణికింది. 

"దీని తప్పేమీ లేదు దొరా."

"మరెందుకు తెచ్చావు?"

"తప్పు నాది. నిప్పంటే వణికే ప్రాణి మొహం చుట్టూ నిప్పు తిప్పాను. కరిచాడు. దేవుడి బొమ్మ పగిలిందని ఇనప గరిటెతో కొట్టాను, మూడు దెబ్బలు. ఒంటి మీద పాత వాతలున్నాయి, తీసుకెళ్ళిన రోజే చూడాల్సింది, చూడలేదు. నాకు కుక్కను పెంచడం చేతకాదు. బిళ్ళ కట్టాలంటే నా మెడలో కట్టండి."

 రాజు గద్దె దిగి వచ్చి, స్వయంగా వంగి, ఆ మూడు మచ్చలు చూశాడు. మెడలో బిళ్ళలు చూశాడు. ఆకలితో ఏదో నాకి ఉంటుంది, దొంగ అన్నారు. వాత పెడితే వెర్రెత్తి ఉంటుంది, పిచ్చిది అన్నారు అనుకున్నాడు.

"వీరాస్వామీ, ఇప్పటిదాకా ఎన్ని కుక్కలను ఏరు దాటించాం?"

"పదకొండు, ప్రభూ."

"ఒక్కదాని విషయంలోనైనా తెచ్చినవాడి తప్పేమిటని అడిగానా?"

ముసలాయన తల దించుకున్నాడు.

రాజు మళ్ళీ గద్దె ఎక్కలేదు. ఏటివైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ పదకొండింటినీ ఏ రాజాజ్ఞా వెనక్కు తేలేదు. రెండు బిళ్ళలూ తన చేత్తోనే విప్పాడు. "ఈ రోజు నుంచి ఇక్కడికి కుక్కను తెచ్చేవాడు ముందు తన తప్పు చెప్పాలి. అమ్మా, తప్పు లేని కుక్కను నేను వెనక్కు తీసుకోలేను. ఇంటికి తీసుకెళ్ళు. వీడికి ధైర్యం రమ్మని ఆజ్ఞ వెయ్యగలిగితే వేసేవాణ్ణి."

బయటికొచ్చాక చెంచమ్మ ఏడ్చింది. "తాతా, ఇప్పుడేం చెయ్యను?"

"నాకు తెలిసింది ఒక్కటే" అన్నాడు వీరాస్వామి. "కింద కూచో. చేతులు ఖాళీగా పెట్టుకో. పిలవకు. రేపు కూడా అంతే."

అంతే చేసింది. పొయ్యిని వీధి చివరి బీడులోకి మార్చుకుంది. పని కాగానే ఒంటి మీద పొగ వాసన పోయేలా స్నానం చేసి గాని గుమ్మం తొక్కేది కాదు. ఇంట్లో చద్దన్నం తింది, నానేసిన బొరుగులు తింది. ఇక దీపం మాట. అతికించిన కృష్ణుడి ముందు చేతులు కట్టుకుని అంది: "స్వామీ, కొన్నాళ్ళు చీకట్లో ఉండు. మనింట్లో భయపడేవాడొకడున్నాడు." గుళ్ళో దీపం పెట్టి వచ్చేది, ఇంట్లో పెట్టేది కాదు.

"దీపం లేని ఇల్లు ఇల్లేనా వదినా?" అని గవరమ్మ ముక్కున వేలేసుకుంది. "ఆ కుక్క కోసం దేవుణ్ణి మాడుస్తావా?"

చెంచమ్మ మాత్రం రోజూ మధ్యాహ్నం నేల మీద కూచుంది. చేతులు ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. పిలవలేదు.

నెల గడిచింది. ఆమె గడప దాటాకే ఎర్రయ్య తినేవాడు. రెండో నెలలో ఆమె ఉండగా, కడుపు నేలకానించి, రెండు ముద్దలు తిన్నాడు. మూడో నెలలో వీధిలో దివిటీలతో పెళ్ళి ఊరేగింపు పోయింది. కూడబెట్టుకున్న ధైర్యమంతా పోయింది. మళ్ళీ మంచం కిందకే. మళ్ళీ చీమలు తిన్న అన్నమే.

ఆ రోజు కొట్టానికి పరుగెత్తింది. "నేను ఓడిపోయాను తాతా."

"ఓడిపోయినా కూచో తల్లీ" అన్నాడాయన. "కూచోడానికి గెలవక్కర్లేదు."

ఆమె తిరిగొచ్చి కూచుంది. నమ్మకంతో కాదమ్మా. ఇంకేం చెయ్యాలో తోచక కూచుంది. దేవుడు అలాంటి కూచోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాడని నేను నమ్ముతాను.

వానలొచ్చాయి, పోయాయి. చలి వచ్చింది, పోయింది. ఒక ఎండవేళ ఎర్రయ్య మంచం కింద నుంచి వచ్చాడు. ఆమెకు మూరెడు దూరంలో పడుకున్నాడు. భయపడే కుక్క మనిషి ముందు కళ్ళు మూయదు, నాయనలారా. వాడు మూశాడు. కాసేపటికి గుర్రు పెట్టాడు.

ఆమె కాలు తిమ్మిరెక్కింది, కదపలేదు. ఎర్రచీమ కుట్టింది, గోకలేదు. "మజ్జిగోయ్ వదినా!" అంటూ గవరమ్మ గుమ్మంలోకొచ్చింది. చెంచమ్మ పెదాల మీద వేలు పెట్టి చూపించింది. గవరమ్మ చూసింది. నోరు మూసుకుంది. మజ్జిగ కుండ ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు కాకుండా గడప దగ్గర కింద కూచుంది.

ఎర్రయ్య ఆ తర్వాత దొంగను పట్టలేదు, పులిని తరమలేదు. నిప్పురవ్వ కనబడితే చచ్చేదాకా వణికాడు. ఆ ఎండలో హాయిగా నిద్రపోయాడు. ఈ కథలో గెలుపంటే అదే.

వెళ్ళేముందు ఒక్క పని గుర్తుంచుకోండి పిల్లలూ. ఇంటికెళ్ళాక, వీధిలోనో, మీ ఇంట్లోనో, భయపడ్డ ప్రాణి కనిపిస్తే, అది కుక్కయినా, పిల్లయినా, ముసలమ్మయినా, కాస్త ఎడంగా కింద కూచోండి. చేతులు ఖాళీగా పెట్టుకోండి. పిలవకండి. రేపు కూడా అంతే చెయ్యండి.

దెబ్బతిన్న ప్రాణి తప్పు ఎంచేముందు మన తప్పు ఒప్పుకోవాలి. మన ప్రేమ దానికి అర్థమయ్యేదాకా ఓపిక పట్టాలి.